స్కాఫోల్డ్ ప్రోటీన్‌ను అడ్డుకోవడానికి ఏది ఎంచుకోవాలి: పెప్టైడా, చిన్న అణువా, జీన్ సైలెన్సింగా?

సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) రాసే కాలం వచ్చిందంటే అనంతపురం, కడప, కర్నూలు ల్యాబుల్లో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది: "ఫలానా స్కాఫోల్డ్ ప్రోటీన్ మీద పని చేయాలనుకుంటున్నాను సార్, ఏ ఇన్హిబిటర్ (అడ్డుకునే మందు) ఆర్డర్ పెట్టాలి?" శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనైనా, యోగి వేమనలోనైనా, రాయలసీమ విశ్వవిద్యాలయంలోనైనా ఈ ప్రశ్న అడిగే పిల్లల చేతిలో కంపెనీ కేటలాగు ఉంటుంది. ఐసి50 అంకె (లక్ష్యం పనిని సగానికి తగ్గించే గాఢత) ఎంత చిన్నదైతే మందు అంత మంచిదనుకుని, అన్నిటికంటే చిన్న అంకె ఉన్నదానికి టిక్కు పెట్టేసి ఉంటారు. కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) ఇన్హిబిటర్ల విషయంలో ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. స్కాఫోల్డ్‌ల దగ్గర నడవదు. ఇక్కడ మందు ఎంత బలమైనదో చూసేముందు అది ఏ బంధాన్ని తెంపుతుందో, దానికి పనిచేయని జోడి దొరుకుతుందో లేదో చూడాలి. ఈ రెండూ తేలితే ఎంపిక సగం పూర్తయినట్టే.

## స్కాఫోల్డ్ చేసే పని

స్కాఫోల్డ్ ప్రోటీన్ చాలావరకు తానుగా ఏ రసాయన చర్యా జరపదు. ఒక సిగ్నలింగ్ దారిలో పనిచేసే ప్రోటీన్లను ఒకచోట చేర్చి పక్కపక్కన నిలబెడుతుంది. ఆదోని మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటు చేసేది ఇదే పని. సరుకు రైతుది, డబ్బు వ్యాపారిది, ఇద్దరినీ కలిపేది ఏజెంటు. అతను లేకపోతే బేరం ఆలస్యమవుతుంది. ఏజెంట్లు మరీ ఎక్కువై, రైతు ఒకరి దగ్గర, వ్యాపారి మరొకరి దగ్గర కూర్చున్నా బేరం తెగదు.

కణంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. స్కాఫోల్డ్ తగ్గితే సిగ్నల్ తగ్గుతుంది, మోతాదు మించితే కూడా సిగ్నల్ తగ్గుతుంది. అంటే జీన్‌ను అణచినా, అదే జీన్‌ను అతిగా పలికించినా ఒకే ఫలితం కనిపించవచ్చు. కణాల పెరుగుదలకు సిగ్నల్ చేరవేసే ఈఆర్‌కే అనే కైనేజ్‌ను తీసుకోండి. "ఓవర్‌ఎక్స్‌ప్రెషన్ చేస్తే ఈఆర్‌కే ఫాస్ఫొరిలేషన్ పడిపోయింది, కాబట్టి ఈ ప్రోటీన్ ఈఆర్‌కేకి శత్రువు" అని తేల్చేసిన థీసిస్‌లు ఈ కారణంగానే నిలబడవు. స్కాఫోల్డ్ మొత్తాన్ని ముట్టుకోకుండా, దాని మీద ఉన్న ఒకే ఒక్క బంధాన్ని కొద్ది గంటలపాటు తెంపగలిగితే అప్పుడు జవాబు స్పష్టంగా వస్తుంది. రసాయన ఇన్హిబిటర్ కోసం ఇంత తాపత్రయం అందుకే.

ఈ రంగం పెద్ద పాతది కాదు. ఈస్ట్‌లోని స్టీ5 ప్రోటీన్ మ్యాప్ కైనేజ్ వరుసను (ఒకదాన్నొకటి చురుకుచేసే కైనేజ్‌ల గొలుసును) ఒకచోట కట్టి ఉంచుతుందని 1994లో తేలింది. 1995లో ఈగల్లోనూ, నులిపురుగుల్లోనూ కేఎస్ఆర్ అనే స్కాఫోల్డ్ బయటపడింది. కేఎస్ఆర్1 లేని ఎలుకలు చచ్చిపోవు, బతుకుతాయి. కానీ వాటి కణాల్లో ఈఆర్‌కే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది. సిగ్నల్‌ను పూర్తిగా ఆర్పకుండా తగ్గించే ఈ గుణం చూసే క్యాన్సర్ పరిశోధకులు స్కాఫోల్డ్‌ల వెంట పడ్డారు.

కష్టమంతా ఆకారంతో వస్తుంది. కైనేజ్‌లో ఏటీపీ (ఫాస్ఫేట్ ఇచ్చే అణువు) కూర్చునే లోతైన గుంట ఉంటుంది, చిన్న అణువు అందులో ఇమిడిపోతుంది. రెండు ప్రోటీన్లు ఒకదానికొకటి ఆనుకునే చోటు సాధారణంగా వెడల్పుగా, చదునుగా ఉంటుంది. చిన్న అణువుకు అక్కడ పట్టు దొరకదు. అందుకే ఈ రంగంలో పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) ముందొచ్చాయి, చిన్న అణువులు తర్వాత వచ్చాయి. వచ్చిన చిన్న అణువుల్లో కొన్ని తాము చెప్పుకున్న చోటే కూర్చోవని తర్వాత తేలింది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటి కొలత: తెగేదేమిటి. ఒక బంధమా, ఒక కుటుంబంలోని బంధాలన్నీనా, స్కాఫోల్డ్ మొత్తమా? మీ ప్రశ్న ఏ స్థాయిలో ఉందో పరికరం కూడా అదే స్థాయిలో ఉండాలి.

రెండోది పనిచేయని జోడి. ఇన్హిబిటర్‌తో దాదాపు అదే నిర్మాణం ఉండి, బంధాన్ని మాత్రం తెంపలేని అణువు అన్నమాట. డీఎంఎస్ఓ మాత్రమే వేసిన వెల్ (కణాలు పెంచే ప్లేటులోని గుంట) దీనికి బదులు కాదు. డీఎంఎస్ఓ ద్రావకం సంగతి చెబుతుంది, మీ అణువు సంగతి చెప్పదు.

మూడోది ఎంపిక శక్తి. కెమికల్ ప్రోబ్ (ఒక ప్రోటీన్ పనిని పరీక్షించడానికి వాడే అణువు) అనిపించుకోవాలంటే గొట్టంలో 100 నానోమోలార్ లోపు పనిచేయాలి, దగ్గరి బంధువుల కంటే 30 రెట్లు ఎక్కువ ఎంపిక చూపాలి, కణంలో 1 మైక్రోమోలార్ లోపే ప్రభావం కనిపించాలి అన్నది ఈ రంగంలో విస్తృతంగా ఒప్పుకున్న గీత. స్కాఫోల్డ్ ఇన్హిబిటర్లలో చాలావరకు ఈ గీత దాటలేవు. దాటలేదని వాడకుండా ఉండనక్కర్లేదు గానీ, దాటలేదన్న సంగతి ఫలితాల్లో రాసుకోవాలి.

కణంలోకి దూరడం, ఎంతసేపు నిలవడం అన్నవి ఆ తర్వాత వస్తాయి. చివరిది మన ఊళ్లకు సంబంధించింది: నిల్వ. ఏప్రిల్, మే ఎండల్లో, కరెంటు పోయి వచ్చే చోట, మైనస్ 20 ఫ్రీజర్‌లో ఏది పాడవకుండా ఉంటుందన్నది కేటలాగులో రాయరు.

2023లో వచ్చిన ఒక విశ్లేషణ మనసులో పెట్టుకోండి. పేరున్న 8 కెమికల్ ప్రోబులు వాడిన 662 పరిశోధన పత్రాలను పరిశీలిస్తే, సరైన మోతాదు, పనిచేయని జోడి, వేరే నిర్మాణమున్న మరో అణువు, ఈ మూడూ పాటించినవి 4 శాతమే. అవి పెద్ద పెద్ద ల్యాబుల నుంచి కూడా వచ్చిన పత్రాలు. అంటే జాగ్రత్త ఒక్కటి పాటిస్తే, పరికరాలు తక్కువున్న మన ల్యాబు నుంచి కూడా వాటికంటే గట్టి పని రావచ్చు. ఈ మాట నేను ఉత్సాహపరచడానికి చెప్పడం లేదు. జోడి పెప్టైడ్ కొనడానికి ఖరీదైన మైక్రోస్కోప్ అక్కర్లేదు. కింది పట్టికలోని పేర్లను తర్వాతి భాగాల్లో ఒక్కొక్కటిగా వివరిస్తాను.

| పరికరం | తెగేది | పనిచేయని జోడి | ప్రభావం మొదలు | ప్రధాన చిక్కు |
|---|---|---|---|---|
| ఎస్‌టీ-హెచ్‌టీ31 పెప్టైడ్ | ఏకేఏపీలన్నిటితో పీకేఏ బంధం | ఉంది, సులభంగా దొరుకుతుంది | నిమిషాల్లో | మోతాదు ఎక్కువ, మందు త్వరగా అయిపోతుంది |
| ఎఫ్ఎంపీ-ఏపీఐ-1 | ఏకేఏపీ, పీకేఏ బంధం | సరైనది లేదు | నిమిషాల్లో | పీకేఏని కూడా ఉత్తేజపరుస్తుంది |
| బీఐ-78డీ3 | జేఎన్‌కే, జిప్1 బంధం | సరైనది లేదు | నిమిషాల నుంచి గంటల్లో | ఈఆర్‌కే2కి కూడా అతుక్కుంటుంది |
| ఏపీఎస్-2-79 | కేఎస్ఆర్, ర్యాఫ్ జత | ఉంది | గంటల్లో | ఒంటరిగా వేస్తే ప్రభావం తక్కువ |
| ఎక్స్‌ఏవీ939 | ఏదీ తెగదు, ఆక్సిన్ పెరుగుతుంది | వేరే అణువుతో సరిచూడవచ్చు | గంటల్లో | ట్యాంకిరేజ్ వేరే పనులు కూడా ఆగుతాయి |
| ఎస్ఐ ఆర్‌ఎన్‌ఏ | స్కాఫోల్డ్ మొత్తం | కలగాపులగం వరుస (ఏ జీన్‌కూ సరిపోనిది) | 48 నుంచి 72 గంటలు | కణం సర్దుకుపోతుంది |

## పెప్టైడ్లు: హెచ్‌టీ31, దాని బంధువులు

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఏకేఏపీ కుటుంబంతో మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. ఏకేఏపీలు పీకేఏ అనే కైనేజ్‌ను కణంలో ఒక్కోచోట లంగరు వేసి ఉంచుతాయి. హెచ్‌టీ31 అన్నది ఒక ఏకేఏపీ నుంచి తీసిన 24 అమైనో ఆమ్లాల ముక్క. హెలిక్స్‌గా (స్ప్రింగులా) చుట్టుకుని పీకేఏ రెగ్యులేటరీ సబ్‌యూనిట్ (దాన్ని అదుపులో ఉంచే భాగం) మీద ఏకేఏపీ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. దాని చివర స్టీరిక్ ఆమ్లం అతికిస్తే కణపొర దాటుతుంది, అదే ఎస్‌టీ-హెచ్‌టీ31.

దీని అందమంతా జోడిలో ఉంది. ఎస్‌టీ-హెచ్‌టీ31పీ అనే ఆ పెప్టైడ్‌లో రెండు ఐసోల్యూసిన్ల స్థానంలో రెండు ప్రోలిన్లు ఉంటాయి. మిగతా 22 అవే. ప్రోలిన్ హెలిక్స్‌ను విరిచేస్తుంది కాబట్టి పెప్టైడ్ పీకేఏని పట్టుకోలేదు. అదే పొడవు, అదే కొవ్వు తోక, అదే మోతాదు. మొదటిదానితో ప్రభావం వచ్చి, రెండోదానితో రాకపోతే అది తోక వల్ల వచ్చింది కాదని, కణపొర చెదరడం వల్ల వచ్చింది కాదని తేలిపోతుంది. స్కాఫోల్డ్ రంగంలో ఇంత శుభ్రమైన జోడి దొరకడం అరుదు.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి. హెచ్‌టీ31 ఏకేఏపీలన్నిటి నుంచీ పీకేఏని ఊడదీస్తుంది. "పీకేఏ లంగరు ఈ పనికి అవసరమా?" అన్న ప్రశ్నకు జవాబిస్తుంది గానీ "ఏ ఏకేఏపీ?" అన్నదానికి ఇవ్వదు. ఆర్‌ఐ, ఆర్‌ఐఐ అనే రెండు రకాల సబ్‌యూనిట్లలో ఏది ముఖ్యమో తెలుసుకోవాలంటే ఆర్‌ఐ వైపు 1000 రెట్లకు పైగా మొగ్గే ఆర్‌ఐఏడీ పెప్టైడ్, ఆర్‌ఐఐ వైపు మొగ్గే సూపర్ ఏకేఏపీ-ఐఎస్ ఉన్నాయి. హైడ్రోకార్బన్ కుట్టుతో హెలిక్స్ విడిపోకుండా బిగించిన స్టాడ్ పెప్టైడ్లు కూడా ఆర్‌ఐఐ కోసమే తయారయ్యాయి. మొదటి ప్రయోగానికి ఇవేవీ అక్కర్లేదు.

ఇక డబ్బు లెక్క. ఎస్‌టీ-హెచ్‌టీ31 అణుభారం సుమారు 2800. ఆరు వెల్స్ ప్లేటులో ఒక్కో వెల్‌కు 2 మిల్లీలీటర్ల మీడియం పోసి, 25 మైక్రోమోలార్ వేస్తే వెల్‌కు 50 నానోమోల్స్, అంటే 0.14 మిల్లీగ్రాములు పడుతుంది. 1 మిల్లీగ్రాము ఏడు వెల్స్‌కు సరిపోతుంది. మూడుసార్లు చేయాల్సిన ప్రయోగంలో అది ఒక్క పూటకే అయిపోతుంది. అదే 96 వెల్స్ ప్లేటులో 100 మైక్రోలీటర్లతో చేస్తే వెల్‌కు 7 మైక్రోగ్రాములు, 140 వెల్స్ దాకా వస్తాయి. అందుకని మోతాదు, సమయం సరిచూసే పనంతా 96 వెల్స్‌లో ముగించుకుని, చివరి ఇమ్యునో ప్రెసిపిటేషన్‌కు (యాంటీబాడీతో ప్రోటీన్‌ను పట్టి లాగడానికి) మాత్రమే పెద్ద ప్లేటు వాడండి. పోల్చి చూస్తే, అణుభారం 400 ఉన్న చిన్న అణువును 10 మైక్రోమోలార్ వేసినా 1 మిల్లీగ్రాముతో ఆరు వెల్స్ ప్లేటులో 125 వెల్స్ నడుస్తాయి.

పొడి రూపంలో వచ్చే పెప్టైడ్‌లో కొంత భాగం నీరు, కొంత భాగం ట్రైఫ్లోరో ఎసిటేట్ ఉప్పు. స్వచ్ఛత 95 శాతం అని రాసి ఉన్నా, తూకంలో నికరంగా పెప్టైడ్ ఎంతో వేరే అంకె. అది అడిగి తెలుసుకోకుండా స్టాక్ చేస్తే మోతాదు తప్పుతుంది, పైగా అసలు పెప్టైడ్‌కు ఒక శాతం, జోడికి మరో శాతం ఉంటే పోలికే చెడిపోతుంది.

జేఎన్‌కే అనే మరో కైనేజ్ వైపు వెళ్లేవాళ్లకు కూడా పెప్టైడ్ ఉంది. జిప్1 స్కాఫోల్డ్ నుంచి తీసిన 11 అమైనో ఆమ్లాల టీఐ-జిప్, దానికి దగ్గరి డీ-జేఎన్‌కేఐ-1. రెండోది డీ రకం అమైనో ఆమ్లాలతో కట్టింది కాబట్టి ప్రోటియేజ్‌లకు (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములకు) త్వరగా లొంగదు. చెవి, కన్ను జబ్బుల్లో మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది.

ప్రోటియేజ్ సంగతి చిన్నది కాదు. పీఎస్‌డీ-95 అనే నరాల స్కాఫోల్డ్‌ను అడ్డుకునే నెరినెటైడ్ పెప్టైడ్‌ను పక్షవాతం రోగుల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. 1105 మంది పాల్గొన్న ఆ పరీక్షలో మొత్తంగా లాభం కనిపించలేదు. గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ తీసుకోని రోగుల్లో మాత్రం లాభం ఉన్న సూచన వచ్చింది. ఆల్టెప్లేజ్ వల్ల పుట్టే ప్లాస్మిన్ అనే ప్రోటియేజ్ ఈ పెప్టైడ్‌ను ముక్కలు చేస్తుంది. మీ కల్చర్ మీడియంలోని సీరంలో కూడా ప్రోటియేజ్‌లు ఉంటాయని ఇది గుర్తు చేస్తుంది. పెప్టైడ్ వేసే గంటల్లో సీరం తగ్గించండి, ఎంత తగ్గించారో కంట్రోల్ వెల్స్‌కూ అంతే తగ్గించండి.

## చిన్న అణువులు: ఇక్కడే ఎక్కువ చిక్కులు

కేటలాగులో ఇవి ఆకర్షణీయంగా ఉంటాయి. ధర తక్కువ, మోతాదు తక్కువ, డీఎంఎస్ఓలో కరుగుతాయి. ఒక్కొక్కదాన్నీ దగ్గరగా చూడాలి.

ఎఫ్ఎంపీ-ఏపీఐ-1 2011లో వచ్చింది. ఏకేఏపీ, పీకేఏ బంధాన్ని అడ్డుకునే చిన్న అణువు. ఏకేఏపీ కూర్చునే చోట కాకుండా రెగ్యులేటరీ సబ్‌యూనిట్ మీద వేరే చోట కూర్చుని పని చేస్తుంది. దీన్ని తయారుచేసినవాళ్లే స్పష్టంగా చెప్పారు: ఇది బంధాన్ని తెంపడమే కాదు, పీకేఏని ఉత్తేజపరుస్తుంది కూడా. లంగరు ఊడినందువల్ల ఫలితం వచ్చిందా, పీకేఏ చురుకైనందువల్లా అన్నది ఒక్క ఈ అణువుతో తేలదు. దీని నిర్మాణంలో అమైనోఫినాల్ గుంపులు రెండున్నాయి. గాలి తగిలితే ఆక్సీకరణం చెందే రకం ఇవి. స్టాక్ రంగు మారుతుంటే పారబోసి కొత్తది కలుపుకోవాలి. హెచ్‌టీ31తో వచ్చిన ఫలితాన్ని వేరే నిర్మాణంతో సరిచూడటానికి ఇది పనికొస్తుంది. ఒంటరిగా దీనిమీదే థీసిస్ నిలబెట్టమని నేను చెప్పను.

బీఐ-78డీ3 కథ ఇంకా పాఠం చెబుతుంది. 2008లో దీన్ని జేఎన్‌కేకీ జిప్1కీ మధ్య బంధాన్ని అడ్డుకునే అణువుగా ప్రకటించారు. ఐసి50 280 నానోమోలార్. చాలామంది జేఎన్‌కే ఇన్హిబిటర్ అనే వాడారు. 2019లో ఇది ఈఆర్‌కే2 మీద, అదే రకమైన డాకింగ్ గాడిలో (భాగస్వామి ప్రోటీన్ వచ్చి ఆనుకునే చోట) ఉన్న ఒక సిస్టీన్‌కు అతుక్కుపోతుందని తేలింది. ఇలా కావడానికి రసాయన కారణముంది. ఈ అణువులో నైట్రోథయజోల్‌కు గంధకం అతుక్కుని ఉంటుంది, థయాల్స్ (సిస్టీన్‌లో ఉండే గంధకపు గుంపులు) దాన్ని సులభంగా తన్నేయగలవు. ఇప్పుడు ఎవరైనా జేఎన్‌కే పేరుతో దీన్ని ఎంచుకుంటే ఈఆర్‌కే ఫాస్ఫొరిలేషన్‌నూ, ఈఆర్‌కే కింది సబ్‌స్ట్రేట్లనూ పక్కనే చూపించక తప్పదు.

కేఎస్ఆర్ కోసం వచ్చిన ఏపీఎస్-2-79 నాకు వీటన్నిటికంటే నచ్చిన అణువు. కేఎస్ఆర్ కైనేజ్ ఆకారంలో ఉన్న స్కాఫోల్డ్, ఏటీపీ గుంట ఉంది. 2016లో వచ్చిన ఈ అణువు ఆ గుంటలో కూర్చుని కేఎస్ఆర్‌ను చురుకుతనం లేని ఆకారంలో నిలబెడుతుంది. ఐసి50 సుమారు 120 నానోమోలార్. దానికి ఏపీఎస్-3-77 అనే పనిచేయని జోడి ఉంది. ఇక్కడే చాలామంది తడబడతారు. ర్యాఫ్, మెక్ అన్నవి ఈఆర్‌కేకి పైమెట్టులో ఉండే కైనేజ్‌లు. ఈ అణువు కేఎస్ఆర్, మెక్ జతను విడదీయదు, ఆ జతను నిద్రావస్థలో స్థిరపరుస్తుంది. ఆగేది ర్యాఫ్ వచ్చి కేఎస్ఆర్‌తో జతకట్టడం. కేఎస్ఆర్‌ను పట్టి లాగి మెక్ కోసం బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష) చేస్తే ఏ మార్పూ కనిపించక "మందు పని చేయలేదు" అనుకుంటారు. ర్యాఫ్ కోసం చూడాలి. ఒంటరిగా వేస్తే కణాల పెరుగుదల మీద ప్రభావం తక్కువే. కేరాస్ అనే క్యాన్సర్ జీన్‌లో మ్యుటేషన్ ఉన్న కణాల్లో మెక్‌ను ఆపే ట్రామెటినిబ్‌తో కలిపి వేసినప్పుడు బలం కనిపిస్తుంది. ఆ ట్రామెటినిబ్ కూడా కేఎస్ఆర్, మెక్ కలిసే చోట కేఎస్ఆర్‌ను తాకుతూ కూర్చుంటుందని 2020లో నిర్మాణ చిత్రాలు చూపించాయి. ఎన్నో ఏళ్లుగా మెక్ ఇన్హిబిటర్ అనుకున్న మందుకే స్కాఫోల్డ్‌తో సంబంధం బయటపడింది.

## తెంపకుండా పెంచే దారి

ఎక్స్‌ఏవీ939ను ఈ జాబితాలో చేర్చడానికి కారణం చాలామంది దీన్ని "ఆక్సిన్ ఇన్హిబిటర్" అని తప్పుగా రాయడం. ఆక్సిన్ అన్నది బీటా క్యాటెనిన్ అనే సిగ్నలింగ్ ప్రోటీన్‌ను నాశనం చేసే సముదాయానికి స్కాఫోల్డ్. ట్యాంకిరేజ్ ఎంజైములు ఆక్సిన్‌కు గుర్తు వేసి ప్రోటియాజోమ్‌కు (ప్రోటీన్లను కరిగించే యంత్రానికి) పంపిస్తాయి. 2009లో వచ్చిన ఎక్స్‌ఏవీ939 ఆ ట్యాంకిరేజ్‌ను ఆపుతుంది, ఆక్సిన్ పేరుకుంటుంది, బీటా క్యాటెనిన్ తగ్గుతుంది. ఇక్కడ స్కాఫోల్డ్ పెరగడం వల్లే సిగ్నల్ తగ్గింది.

ధర అందుబాటులో ఉంటుంది, ఆక్సిన్ పెరిగిందో లేదో ఒక్క వెస్టర్న్ బ్లాట్‌తో తెలిసిపోతుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చక్కగా సరిపోయే అణువు. ట్యాంకిరేజ్ చేతిలో వేరే ప్రోటీన్లు కూడా ఉన్నాయి కాబట్టి ఐడబ్ల్యూఆర్-1 వంటి మరో నిర్మాణంతో సరిచూసుకుంటే చాలు.

## జీన్‌ను అణచడం, ప్రోటీన్‌ను కరిగించడం

జీన్‌ను అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క, ఎస్ఐ ఆర్‌ఎన్‌ఏ, మన ల్యాబుల్లో అందరికీ అలవాటైన దారి. కానీ ఏకేఏపీ79 లాంటి స్కాఫోల్డ్‌ను అణచితే పీకేఏతో పాటు దానికి అతుక్కున్న పీకేసీ, కాల్సిన్యూరిన్ అనే ఎంజైములు కూడా చెదిరిపోతాయి. వచ్చిన ఫలితం ఎవరి వల్లో తెలియదు. హెచ్‌టీ31 అయితే పీకేఏ ఒక్కటే ఊడుతుంది, మిగతా రెండూ అక్కడే ఉంటాయి. కాబట్టి ఈ రెండు పరికరాలూ పోటీదారులు కావు. "ఏ ఏకేఏపీ?" అన్నదానికి ఎస్ఐ ఆర్‌ఎన్‌ఏ, "అందులో ఏ బంధం?" అన్నదానికి పెప్టైడ్. రెండూ ఒకే దిక్కు చూపిస్తే సమీక్షకుడు అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

రెండు మూడు రోజులు ప్రోటీన్ లేకుండా గడిపిన కణం తన దారి తాను వెతుక్కుంటుంది, దాని బంధువైన మరో ప్రోటీన్‌ను పెంచుకోవచ్చు. గంటల్లో ప్రోటీన్‌ను కరిగించే డీట్యాగ్ పద్ధతి ఈ చిక్కును తప్పిస్తుంది. అయితే ముందు జీన్‌ను సవరించే క్రిస్పర్‌తో జీన్‌కు ట్యాగ్ అతికించాలి, క్లోన్లు ఏరుకోవాలి. ఆ కణాలు తయారు కావడానికి నెలలు పడుతుంది. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో మొదలుపెట్టగలిగితే మంచిదే. ఆఖరి ఏడాదిలో వద్దు.

## ఐక్యూగ్యాప్1: ఎంపికకు ముందు ఒకసారి ఆగి చూడాల్సిన చోటు

క్యాన్సర్ మీద పనిచేయాలని వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది ఐక్యూగ్యాప్1 అనే ఈ స్కాఫోల్డ్ పేరే చెబుతారు. 2013లో ఐక్యూగ్యాప్1లోని డబ్ల్యూడబ్ల్యూ భాగానికి సరిపోయే పెప్టైడ్ ఒకటి కణాల్లోకి పంపితే, ఐక్యూగ్యాప్1కూ ఈఆర్‌కేకీ మధ్య బంధం తెగి, ఎలుకల్లో కణితులు తగ్గాయని ఒక పేరున్న పత్రిక ప్రచురించింది. సహజంగానే ఆశలు పెరిగాయి. 2017లో మరో బృందం శుద్ధి చేసిన ప్రోటీన్లతో చూస్తే, ఈఆర్‌కే అతుక్కోవడానికి డబ్ల్యూడబ్ల్యూ భాగం అవసరమూ లేదు, అది ఒక్కటే సరిపోదు కూడా. బంధం ఉన్నది పక్కనున్న ఐక్యూ భాగంలో.

అయితే కణితులు తగ్గిన ఫలితం అబద్ధమని కాదు. ఆ పెప్టైడ్ ఏదో చేస్తోంది, చెప్పిన దారిలోనే చేస్తోందా అన్నదే తేలాల్సింది. పోలిక చేసేవాళ్లకు ఇందులో ఉన్న సూచన స్పష్టం. డబ్ల్యూడబ్ల్యూ పెప్టైడ్‌ను ఎంచుకోవాలనుకుంటే "ఐక్యూగ్యాప్1, ఈఆర్‌కే బంధాన్ని తెంపడానికి" అని సినాప్సిస్‌లో రాయకండి. "ఈ పెప్టైడ్ ప్రభావం ఏ బంధం ద్వారా వస్తోంది?" అని రాయండి. ప్రశ్న అలా మారితే అదే పరికరం విలువైన పనికి దారి తీస్తుంది. ఐక్యూగ్యాప్1 అణచిన కణాల్లో పెప్టైడ్ వేసి చూడటంతో మొదలుపెట్టవచ్చు. లక్ష్యమే లేని చోట కూడా మందు పనిచేస్తుంటే అది వేరే చోట పనిచేస్తున్నట్టే.

## ఎవరికి ఏది

నాలుగైదు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నారా? ఎక్స్‌ఏవీ939 తీసుకోండి, లేదా ఎస్‌టీ-హెచ్‌టీ31, దాని జోడి తీసుకుని 96 వెల్స్‌లో పరిమితంగా చేయండి. హెక్293, హీలా వంటి కణాలు పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకోవచ్చు.

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు నా సలహా ఒకే స్కాఫోల్డ్ మీద మూడు పరికరాలు: ఒక పెప్టైడ్ జోడితో సహా, వేరే నిర్మాణమున్న ఒక చిన్న అణువు, ఎస్ఐ ఆర్‌ఎన్‌ఏ దానికి లొంగని జీన్‌తో తిరిగి నింపడంతో సహా. మూడు స్కాఫోల్డ్‌ల మీద ఒక్కో పరికరం పెట్టడం కంటే ఇది చాలా బలమైనది. కేరాస్ క్యాన్సర్ మీద ఉన్నవాళ్లు ఏపీఎస్-2-79, ట్రామెటినిబ్ జతను ఏ549 ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో చూడవచ్చు.

కర్నూలు మెడికల్ కాలేజీ, కడప రిమ్స్ వైపు నుంచి వచ్చే డాక్టర్లు ఎక్కువగా అడిగేది "ఇది మందు అవుతుందా?" అని. అయింది, ఒకచోట. మెనిన్ అనే స్కాఫోల్డ్ ప్రోటీన్‌కు ఎంఎల్ఎల్ అనే ప్రోటీన్ అతుక్కోకుండా ఆపే రెవుమెనిబ్‌కు 2024 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, ఒక రకం తీవ్ర లుకేమియాకు. మెనిన్ మీద లోతైన గుంట ఉండటం కలిసొచ్చింది. సిగ్నలింగ్ స్కాఫోల్డ్‌లలో అలాంటి గుంట ఉన్నవి కొద్దే. రోగుల నమూనాల మీద పని చేసే వీలున్న డాక్టర్లు మెనిన్ వైపు చూడటమే మేలు.

కంప్యూటర్ మీద డాకింగ్ (అణువు ప్రోటీన్‌లో ఎలా ఇముడుతుందో లెక్కకట్టడం) చేసేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. ప్రోటీన్లు కలిసే చదునైన చోట డాకింగ్ స్కోరు తేలిగ్గా మోసం చేస్తుంది. మంచి స్కోరు వచ్చిన అణువును నేరుగా ఎంటీటీ పరీక్షకు (కణాలు బతికున్నాయో చూసేది) పెట్టి, కణాలు చచ్చాయి కాబట్టి స్కాఫోల్డ్ ఆగిందని రాయకండి. నడుమ ఒక్క బైండింగ్ ప్రయోగమైనా ఉండాలి, అందులో 0.01 శాతం ట్రైటాన్ డిటర్జెంట్ వేసినా వేయకపోయినా ఫలితం నిలవాలి. ట్రైటాన్‌తో ప్రభావం మాయమైతే అణువులు ముద్దకట్టి ప్రోటీన్‌ను చుట్టేస్తున్నాయన్నమాట. దీనికి కావలసిన పరికరాలు మన దగ్గర లేకపోతే బెంగళూరులోని సి-క్యాంప్ బయటివాళ్లకు సేవలు అందిస్తుంది, ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని పరికరాలు వెతికి బుక్ చేసుకోవచ్చు. అనంతపురానికి బెంగళూరు, కర్నూలుకు హైదరాబాదు ఒక పూట ప్రయాణం.

కైనేజ్ ఇన్హిబిటర్‌తోనే సరిపెట్టుకుందామనుకునేవాళ్లూ ఉంటారు. హెచ్89ను పీకేఏ ఇన్హిబిటర్‌గా వాడే అలవాటు ఇంకా పోలేదు. ఎంఎస్‌కే1, ఎస్6కే1, రాక్2 అనే వేరే కైనేజ్‌లను అది పీకేఏతో సమానంగానో ఇంకా గట్టిగానో అడ్డుకుంటుందని 2000 నుంచే తెలుసు. పీకేఏ మొత్తం ఆగితే ఏమవుతుందో చూడటానికి కూడా దాన్ని నమ్మలేం. ఇక లంగరు గురించి అది ఏమీ చెప్పలేదు.

## బంధం తెగిందని చూపించడం

ఏ పరికరం ఎంచుకున్నా ఒక ప్రయోగం తప్పనిసరి. మందు వేసిన కణాలను మృదువైన డిటర్జెంట్‌తో కరిగించి, స్కాఫోల్డ్‌ను యాంటీబాడీతో పట్టి లాగి, భాగస్వామి ఎంత వచ్చిందో చూడాలి. హెచ్‌టీ31 అయితే ఏకేఏపీని లాగి ఆర్‌ఐఐ కోసం బ్లాట్. ఆర్‌ఐఐ తగ్గాలి, ఏకేఏపీ తగ్గకూడదు, జోడి పెప్టైడ్ వేసిన చోట రెండూ మారకూడదు. నాలుగు లేన్లు, ఒక్క బ్లాట్. దాంతోపాటు అదే లైసేట్‌లో (కణాలు కరిగించిన ద్రవంలో) పీకేఏ చురుకుతనం కొలవండి. బంధం తెగి, కైనేజ్ మాత్రం పని చేస్తూనే ఉంటే మీరు నిజంగా లంగరునే తీశారు. కడిగేటప్పుడు బఫర్‌లో మందు లేకపోతే తెగిన బంధం ట్యూబులోనే మళ్లీ కుదిరిపోవచ్చు, కాబట్టి లైసిస్, కడుగు బఫర్లలోనూ అదే మోతాదు ఉంచండి.

## ఆర్డర్ పెట్టేటప్పుడు

కంపెనీకి పంపే మెయిల్‌లో నాలుగు సంగతులు అడగండి: ఈ లాట్ స్వచ్ఛత, నికర పెప్టైడ్ శాతం, ఏ ఉప్పు రూపం, జోడి కూడా అదే చోట తయారైందా. చిన్న అణువైతే బ్యాచ్ విశ్లేషణ పత్రం చాలు.

పొడిగా ఉన్న పెప్టైడ్ ప్రయాణాన్ని తట్టుకుంటుంది, కరిగించినది తట్టుకోదు. అందుకే కరిగించి పంపమని ఎప్పుడూ అడగొద్దు. ఏప్రిల్, మే నెలల్లో తెప్పించక తప్పకపోతే సోమవారమో మంగళవారమో బయల్దేరేలా చూడమనండి, శుక్రవారం బయల్దేరిన ప్యాకెట్ వారాంతమంతా కొరియర్ గోడౌన్‌లో ఉంటుంది. సీసా రాగానే మూత తీయకుండా గది ఉష్ణోగ్రతకు రానివ్వండి, లేకపోతే లోపల తేమ పడుతుంది. అసలు పెప్టైడ్‌ను, జోడిని అదే రోజు, అదే ద్రావకంలో, అదే గాఢతకు కలిపి, ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న ట్యూబుల్లో పంచి, సగం మీ ఫ్రీజర్‌లో, సగం కరెంటు బ్యాకప్ ఉన్న మరో ల్యాబు ఫ్రీజర్‌లో పెట్టండి.